అలెక్సిస్ కారెల్

అలెక్సిస్ కారెల్ (జూన్ 28, 1873 - నవంబర్ 5, 1944) ఫ్రాన్సు దేశానికి చెందిన ప్రముఖ శస్త్రవైద్యుడు, జీవశాస్త్రవేత్త. తెగిన రక్తనాళాలను లోపల రక్తం గడ్డకట్టకుండా కుట్టే పద్ధతిని రూపొందించి, అవయవ మార్పిడి శస్త్రచికిత్సకు పునాది వేశాడు. ఈ కృషికి గాను 1912లో ఇతనికి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. తరువాతి కాలంలో విమానచోదకుడు చార్లెస్ లిండ్‌బర్గ్‌తో కలిసి, శరీరం నుండి వేరుచేసిన అవయవాన్ని శరీరపు వేడిలోనే సజీవంగా నిలిపి ఉంచే గాజు పంపును 1935లో లోకానికి పరిచయం చేశాడు. దాత నుండి సేకరించిన కాలేయాన్ని రోగికి అమర్చేలోగా మంచులో పెట్టడానికి బదులు, వెచ్చని రక్తాన్ని దాని గుండా ప్రసరింపజేస్తూ కాపాడే నేటి యంత్రాల వెనుక ఉన్న ఆలోచన ఈ గాజు పంపులో స్పష్టంగా కనిపిస్తుంది. అయితే యూజెనిక్స్ అనబడే సుప్రజనన సిద్ధాంతాన్ని సమర్థిస్తూ చేసిన రచనల వలన, రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఫ్రాన్సులోని విషీ ప్రభుత్వంతో కలిసి పనిచేయడం వలన ఇతని పేరు వివాదాస్పదమైనది.

బాల్యము, విద్యాభ్యాసము

కారెల్ ఫ్రాన్సులోని లియాన్ నగరానికి ఆనుకొని ఉన్న సాంత్-ఫ్వా-లె-లియాన్ అనే ఊరిలో ఒక సంపన్న కాథలిక్ కుటుంబంలో జన్మించాడు. పుట్టినప్పుడు పెట్టిన పేరు మరీ-జోసెఫ్-ఆగుస్ట్. తండ్రి అలెక్సిస్ వస్త్ర వ్యాపారి. కారెల్ చిన్నతనంలోనే తండ్రి మరణించాడు. అప్పటి నుండి తండ్రి పేరే ఇతని పేరుగా స్థిరపడినది. తల్లి ఆన్ రికార్ పెంపకంలో పెరిగి, జెస్యూట్ మతగురువులు నడిపే పాఠశాలలో చదువుకున్నాడు. ఆ తరువాత లియాన్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యను అభ్యసించి, నగరంలోని ఆసుపత్రులలో శిక్షణ పొందుతూ 1900లో వైద్య పట్టం అందుకున్నాడు.

లియాన్ ఆనాడు రెండు విషయాలకు పేరుపొందిన నగరం. ఒకటి పట్టు నేత, రెండవది శస్త్రచికిత్స. ఈ రెండింటి కలయిక కారెల్ జీవితంలో ఎంత విచిత్రంగా జరిగినదో తరువాతి ఘట్టంలో చూడవచ్చు.

కార్నో హత్య - రక్తనాళాల కుట్టు

1894 జూన్ 24న ఫ్రాన్సు అధ్యక్షుడు సాదీ కార్నో లియాన్ నగరాన్ని సందర్శించినపుడు, కసేరియో అనే ఇటలీ దేశపు అరాచకవాది అతనిని కత్తితో పొడిచాడు. కత్తి కాలేయంలోకి దిగి, కాలేయ నిర్వాహక సిరను తెంచివేసింది. జీర్ణకోశం నుండి రక్తాన్ని కాలేయానికి చేర్చే పెద్ద సిర ఇది. కాలేయానికి రెండు మార్గాలలో రక్తం అందుతుంది. అందులో సుమారు నాలుగింట మూడు వంతులు ఈ సిర ద్వారానే వస్తుంది. నగరంలోని పేరున్న శస్త్రవైద్యులందరూ చేరినా రక్తస్రావాన్ని ఆపలేకపోయారు. అర్ధరాత్రి దాటిన కొద్ది సేపటికి అధ్యక్షుడు మరణించాడు.

అప్పటికి కారెల్‌కు 21 ఏండ్లు నిండబోతున్నాయి. చర్మాన్ని, పేగులను కుట్టగలిగిన వైద్యులు ఒక సిరను కుట్టలేక చేతులెత్తేయడం అతనికి మింగుడుపడలేదు. పెద్ద రక్తనాళాన్ని కుట్టి ఉంటే అధ్యక్షుడు బ్రతికేవాడన్న అభిప్రాయాన్ని అతడు బాహాటంగానే వెల్లడించాడు. ఒక వైద్య విద్యార్థి నోట ఈ మాట పెద్దలకు రుచించి ఉండదు. కానీ అతడు మాటతో ఆగలేదు.

ఆ కాలంలో రక్తనాళాలను కుట్టడానికి ప్రయత్నాలు జరగకపోలేదు. లియాన్‌లోనే మాత్యూ జబులే అనే శస్త్రవైద్యుడు ఈ దిశలో కృషి చేశాడు. చిక్కంతా నాళం లోపలి పొరతో వచ్చేది. సూది మొరటుగా గుచ్చుకున్నా, దారం నాళం లోపలికి పొడుచుకొని వచ్చినా అక్కడ రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోయేది. కుట్టు సరిగా బిగియకపోతే రక్తం కారిపోయేది. కారెల్ ఈ సమస్యకు పరిష్కారాన్ని వైద్య గ్రంథాలలో కాక, ఊరిలోని అల్లికపనివారి వద్ద వెదికాడు. లియాన్‌లో ప్రసిద్ధి పొందిన లెరూదియే అనే కుట్టుపని కళాకారిణి వద్ద అతి సన్నని సూదులను, పట్టుదారాన్ని వాడే నేర్పును అలవరచుకున్నాడు.

1902లో అతడు తన పద్ధతిని లియాన్ వైద్య పత్రికలో ప్రకటించాడు. ఈ పద్ధతిలో తెగిన రెండు నాళపు కొనలను దగ్గరకు తెచ్చి, చుట్టుకొలతపై సమాన దూరంలో మూడు చోట్ల మొదట మూడు దారాలు వేస్తారు. ఆ మూడు దారాలను మూడు వైపులకు లాగి పట్టుకుంటే గుండ్రని నాళపు నోరు త్రికోణంగా మారుతుంది. గుండ్రని అంచును కుట్టడం కష్టం, తిన్నని అంచును కుట్టడం సులువు. ఒక్కొక్క భుజాన్ని వరుసగా కుట్టుకుంటూ పోతే చాలు. అంచులను కొద్దిగా వెలుపలికి మడవడం వలన లోపలి పొర లోపలి పొరతోనే కలుస్తుంది, దారం రక్తానికి తగలదు. దారానికి, సూదికి వాజిలీన్ పూయడం వలన గుచ్చిన రంధ్రాలలో కూడా రక్తం గడ్డకట్టదు. వినడానికి ఇంత చిన్న ఉపాయమే అయినా, మూత్రపిండం, గుండె, కాలేయం వంటి అవయవాలను ఒక శరీరం నుండి మరొక శరీరానికి మార్చడానికి తలుపు తెరిచినది ఇదే.

లూర్ద్ ఉదంతం

అదే 1902లో కారెల్ జీవితాన్ని మలుపు తిప్పిన మరొక సంఘటన జరిగింది. దక్షిణ ఫ్రాన్సులోని లూర్ద్ పుణ్యక్షేత్రానికి రోగులను తీసుకువెళ్లే రైలులో వైద్యుడిగా ప్రయాణించాడు. వారిలో క్షయ వలన ఉదరం వాచి, మరణానికి చేరువైన ఒక యువతి ఉన్నది. కారెల్ స్వయంగా ఆమెను పరీక్షించి, బ్రతకదని తలచాడు. అక్కడి నీటిని ఆమె ఉదరంపై పోసిన తరువాత కొన్ని గంటలలోనే వాపు తగ్గి ఆమె కోలుకోవడం కళ్లారా చూశాడు. తాను చూసినదానిని చూసినట్లుగానే చెప్పాడు, కానీ దానిని అద్భుతమని నిర్ధారించడానికి ఒప్పుకోలేదు. ఫలితంగా రెండు వర్గాలకూ దూరమయ్యాడు. భక్తులకు అతని సందేహం నచ్చలేదు. తోటి వైద్యులకు అతడు అటువంటి విషయాన్ని పట్టించుకోవడమే నచ్చలేదు. లియాన్‌లో శస్త్రవైద్యుని పదవికి జరిగిన పోటీ పరీక్షలలో అతడు నెగ్గలేకపోయాడు. తన ఊరిలో తనకు భవిష్యత్తు లేదని గ్రహించి 1904లో దేశం విడిచి కెనడాలోని మాంట్రియల్‌కు, అక్కడి నుండి అమెరికాలోని చికాగోకు చేరాడు. ఈ ఉదంతంపై అతడు రాసుకున్న కథనం మరణానంతరం పుస్తకంగా వెలువడింది.

చికాగో, న్యూయార్కులలో పరిశోధనలు

చికాగో విశ్వవిద్యాలయంలో చార్లెస్ గత్రీ అనే శరీరధర్మ శాస్త్రవేత్తతో కలిసి కారెల్ 1904 నుండి 1906 వరకు విస్తారంగా పరిశోధనలు చేశాడు. వీరిద్దరూ శునకాలలో ధమనులను, సిరలను, మూత్రపిండాలను మార్చి అమర్చారు. 1905లో ఒక శునకపు గుండెను తీసి మరొక శునకపు మెడలోని రక్తనాళాలకు కలుపగా, అది కొంతసేపు కొట్టుకున్నది. చిన్న ధమనిని ఒంటరిగా కత్తిరించక, అది పుట్టే పెద్ద ధమని గోడలోని ఒక ముక్కతో సహా కోసి తీసుకొని, ఆ ముక్కనే అవతలి ధమనికి కుట్టే ఉపాయం కూడా ఈ కాలానిదే. దీనిని శస్త్రవైద్యులు నేటికీ కారెల్ ప్యాచ్ అని వ్యవహరిస్తారు. కాలేయ, మూత్రపిండ మార్పిడులలో ఇది ఇప్పటికీ వాడుకలో ఉన్నది. ఈ పరిశోధనలలో గత్రీ పాత్రకు తగిన గుర్తింపు లభించలేదని పలువురు చరిత్రకారులు భావిస్తారు. ఆ భావన న్యాయమైనదే అనిపిస్తుంది, ఎందుకంటే నోబెల్ బహుమతి ఒక్క కారెల్‌కే దక్కింది.

1906లో సైమన్ ఫ్లెక్స్‌నర్ ఆహ్వానంపై కారెల్ న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ వైద్య పరిశోధనా సంస్థలో చేరాడు. ఇక్కడే అతడు 1939 వరకు పనిచేశాడు. ఒక శునకం మూత్రపిండాన్ని బయటకు తీసి తిరిగి దానికే అమర్చి, రెండవ మూత్రపిండాన్ని తొలగించినా ఆ శునకం రెండేళ్లకు పైగా జీవించింది. కానీ ఒక శునకం మూత్రపిండాన్ని మరొక శునకానికి అమర్చినప్పుడు, కుట్టులో లోపం లేకపోయినా కొన్ని దినములకే ఆ అవయవం పాడైపోయేది. ఈ తేడాను గమనించిన కారెల్, కుట్టుకు సంబంధించిన సమస్య తీరిపోయినదనీ, మిగిలినది జీవసంబంధమైన అడ్డంకి అనీ తేల్చాడు. ఇతరుల అవయవాన్ని శరీరం తిరస్కరించడం రోగనిరోధక వ్యవస్థ పని అని స్పష్టపడడానికి 1940లలో పీటర్ మెడావర్ పరిశోధనలు జరిగే వరకు ఆగవలసి వచ్చింది.

1908లో న్యూయార్కులో అతడు చేసిన ఒక చికిత్స అప్పట్లో సంచలనం కలిగించింది. రక్తస్రావంతో ప్రాణాపాయ స్థితిలో ఉన్న పసికందు కాలి సిరను తండ్రి చేతి ధమనికి నేరుగా కుట్టి రక్తాన్ని ఎక్కించాడు. రక్తం గడ్డకట్టకుండా నిల్వచేసే మందులు ఇంకా రాని ఆ రోజులలో వేరే మార్గం లేదు. బిడ్డ బ్రతికింది.

చలిలో నిద్రించే నాళాలు

అవయవాలను భద్రపరచే విషయంలో కారెల్ చేసిన కృషి రెండు భిన్న మార్గాలలో సాగింది. మొదటిది చలి మార్గం. శునకాల నుండి తీసిన ధమని ముక్కలను మంచు గడ్డకట్టే స్థాయికి దగ్గరి చలిలో రోజులు, వారాలు భద్రపరచి, ఆ తరువాత మరొక జంతువుకు కుట్టగా అవి మళ్లీ రక్తాన్ని మోయగలిగాయి. 1910లో ప్రకటించిన వ్యాసంలో అతడు ఈ స్థితిని సుప్త జీవనంగా వర్ణించాడు. చలిలో కణాలు చనిపోవు, వాటి పని మందగిస్తుంది, అంతే. విత్తనం గాదెలో ఉన్నట్లు నాళం శీతల పేటికలో ఉంటుంది.

ధమని విషయంలో ఇది చెల్లింది గానీ, ప్రాణవాయువు నిత్యం కావలసిన పెద్ద అవయవాల విషయంలో చలికి హద్దు ఉన్నది. రెండవ మార్గం ఇందుకు పూర్తిగా విరుద్ధమైనది. నిద్రపుచ్చకుండా, శరీరం వెలుపల కూడా అవయవాన్ని మేలుకొనే ఉంచి, దాని పని అది చేసుకునేలా చూడడం. ఈ ఆలోచన కారెల్‌తో మొదలు కాలేదు. కృత్రిమంగా ధమని రక్తాన్ని ఎక్కించగలిగితే శరీరంలోని ఏ భాగాన్నయినా బ్రతికించవచ్చని ఫ్రాన్సుకే చెందిన లెగల్లోవా 1812లోనే ప్రతిపాదించాడు. పందొమ్మిదవ శతాబ్దంలో పలువురు శాస్త్రవేత్తలు అవయవాల గుండా ద్రవాలను పంపి చూశారు. అయితే ఆ ప్రయోగాలు గంటల వ్యవధిలోనే ముగిసేవి. సూక్ష్మజీవులు చేరి అవయవం కుళ్లిపోవడమే ముఖ్య కారణం.

నోబెల్ బహుమతి

రక్తనాళాల కుట్టు, రక్తనాళాల మరియు అవయవాల మార్పిడి పరిశోధనలకు గాను 1912లో కారెల్‌కు నోబెల్ బహుమతి ప్రకటించారు. అప్పటికి అతని వయస్సు 39 సంవత్సరాలు. అమెరికాలోని పరిశోధనశాలలో పనిచేస్తూ వైద్యశాస్త్రంలో ఈ బహుమతి పొందిన మొదటి వ్యక్తి ఇతడే. ఆ మరుసటి సంవత్సరం ఆన్-మరీ గూర్లే ద లా మోతెరీ అనే వితంతువును వివాహమాడాడు. వీరికి సంతానం లేదు.

చావులేని గుండె కణజాలం

1912 జనవరి 17న కారెల్ కోడి గుడ్డులోని పిండం నుండి గుండె ముక్కను తీసి పోషక ద్రవంలో పెంచడం ప్రారంభించాడు. ఆ కణజాలం పెరుగుతూనే పోయింది. దీని సంరక్షణను తరువాత అతని సహాయకుడు ఆల్బర్ట్ ఎబెలింగ్ చేపట్టాడు. కారెల్ మరణించిన రెండేళ్ల వరకు, అనగా 1946 వరకు, ఈ కణజాలాన్ని నిలిపి ఉంచారు. కణాలకు సహజంగా చావు లేదనీ, తగిన ఆహారం అందిస్తే అవి ఎప్పటికీ విభజన చెందుతాయనీ కారెల్ నమ్మాడు. శాస్త్రలోకమూ అతనిని నమ్మింది.

ఇది పొరపాటు. 1961లో లెనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్‌లు మానవ కణాలు సుమారు 50 పర్యాయాలు విభజన చెందిన తరువాత ఆగిపోతాయని చూపించారు. కారెల్ ప్రయోగశాలలో పోషక ద్రవంగా వాడిన పిండసారంతో పాటు కొత్త కణాలు కూడా తెలిసో తెలియకో పాత్రలో చేరుతూ వచ్చాయన్నది ఎక్కువమంది ఆమోదించే వివరణ. ఈ ప్రయోగాన్ని ఇతరులు తిరిగి చేసి నిర్ధారించలేకపోయినా, నోబెల్ గ్రహీత మాటను కాదనడానికి చాలామంది వెనుదీశారు. ఈ ఒక్క పొరపాటు వలన కణాల వృద్ధాప్యంపై అధ్యయనం దశాబ్దాల పాటు వెనుకబడినది. కారెల్ ప్రయోగశాలలో అందరూ నల్లని దుస్తులు, నల్లని ముసుగులు ధరించి పనిచేసేవారు. కాంతి ప్రతిఫలించకుండా ఉండడానికి అతడు చేసిన ఏర్పాటు ఇది. కానీ పత్రికలకు అది ఒక మాంత్రికుని గుహవలె కనిపించింది.

మొదటి ప్రపంచ యుద్ధం

1914లో యుద్ధం మొదలైనపుడు కారెల్ ఫ్రాన్సులో ఉన్నాడు. సైనిక వైద్యుడిగా చేరి, కొంపియెన్ పట్టణంలో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఆర్థిక సహాయంతో ఒక ఆసుపత్రిని నడిపాడు. సైనికులు గాయాల కన్నా ఆ గాయాలు చీము పట్టడం వలన ఎక్కువగా మరణించడం, కాళ్లు చేతులు కోల్పోవడం అతడు చూశాడు. ఇంగ్లాండుకు చెందిన రసాయన శాస్త్రవేత్త హెన్రీ డేకిన్ తయారుచేసిన సుమారు 0.5 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణాన్ని రబ్బరు గొట్టాల ద్వారా గాయం లోతులకు క్రమం తప్పకుండా పంపే పద్ధతిని వీరు రూపొందించారు. కారెల్-డేకిన్ చికిత్సగా పేరుపొందిన ఈ విధానం పెన్సిలిన్ రాకముందు ఎందరో సైనికుల అవయవాలను కాపాడింది.

లిండ్‌బర్గ్‌తో గాజు పంపు

1927 మే నెలలో న్యూయార్కు నుండి పారిస్‌కు ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా విమానం నడిపి లోకప్రసిద్ధుడైన చార్లెస్ లిండ్‌బర్గ్, తన భార్య సోదరి గుండె జబ్బుతో బాధపడుతుండడం చూసి కలత చెందాడు. గుండెను ఆపి, ఆ సమయంలో రక్తాన్ని ఒక యంత్రంతో నడిపిస్తే లోపాన్ని సరిచేయవచ్చు కదా అన్నది అతని ప్రశ్న. వైద్యుల వద్ద సమాధానం లేదు. 1930 నవంబరులో ఒక మత్తు వైద్యుడు అతనిని కారెల్ వద్దకు తీసుకువెళ్లాడు. యంత్రంలో రక్తం గడ్డకట్టడం, సూక్ష్మజీవులు చేరడం అనే రెండు అడ్డంకులను కారెల్ వివరించి, అంతకన్నా సులువైన పనిని ముందు చేద్దామని సూచించాడు. గుండెకు బదులు పనిచేసే యంత్రం కాక, వేరుచేసిన అవయవాన్ని బ్రతికించే యంత్రం. వయస్సులో 29 ఏండ్ల తేడా ఉన్న ఈ ఇద్దరి మధ్య స్నేహం కారెల్ మరణం వరకు నిలిచింది. 1932లో పసివాడైన తన కుమారుడు అపహరణకు గురై హతుడైన విషాదం తరువాత కూడా లిండ్‌బర్గ్ ఈ పనిని వదలలేదు.

ఎన్నో నమూనాలు విఫలమైన తరువాత 1935లో పంపు సిద్ధమైనది. పైరెక్స్ గాజుతో ఊది తయారుచేసిన ఈ పరికరంలో అవయవాన్ని ఉంచే గది పైన, ద్రవపు తొట్టి కింద ఉండేవి. అవయవపు ధమనిని ఒక సన్నని గాజు గొట్టానికి కట్టేవారు. ప్రాణవాయువు, నత్రజని, బొగ్గుపులుసు వాయువుల మిశ్రమాన్ని నాడి కొట్టుకున్నట్లు విట్టూ విరామాలతో తొట్టిలోకి పంపగా, ఆ ఒత్తిడికి పోషక ద్రవం పైకెగసి అవయవం గుండా ప్రవహించి తిరిగి కిందికి చేరేది. వాయువు దూది పొరల గుండా వడకట్టబడి వచ్చేది గనుక సూక్ష్మజీవులకు చోటు లేదు. యంత్రపు భాగాలేవీ వెలుపలి నుండి ద్రవాన్ని తాకవు. మొత్తం పరికరాన్ని శరీరపు ఉష్ణోగ్రత గల పెట్టెలో ఉంచేవారు.

1935 ఏప్రిల్ 5న ఒక పిల్లి థైరాయిడ్ గ్రంథిని ఈ పంపులో అమర్చారు. 18 రోజుల తరువాత తీసి చూడగా దాని కణాలు సజీవంగా ఉండి, పోషక ద్రవంలో వేసినపుడు పెరిగాయి. ఆ జూన్ నెలలో సైన్స్ పత్రికలో ఈ విషయం ప్రకటితమైనది. అండాశయాలు, ప్లీహము, మూత్రపిండము, గుండె మొదలైన అవయవాలతో ప్రయోగాలు సాగాయి. 1936లో కోపెన్‌హాగెన్‌లో జరిగిన శాస్త్రవేత్తల సమావేశంలో పంపును ప్రదర్శించారు. 1938లో వీరిద్దరి పేర అవయవాల పెంపకంపై గ్రంథం వెలువడింది. రోగి శరీరం నుండి జబ్బుపడిన అవయవాన్ని తీసి, పంపులో చికిత్స చేసి, తిరిగి అమర్చే రోజు వస్తుందని కారెల్ ఊహించాడు.

ఈ పంపుకు పరిమితులు లేకపోలేదు. చిన్న అవయవాలే ఇందులో పట్టేవి. ద్రవంలో ఎర్ర రక్తకణాలు ఉండవు గనుక అది మోయగలిగే ప్రాణవాయువు చాలా స్వల్పం. కాలేయం వంటి పెద్ద అవయవం ఆకలి దీనితో తీరదు. 1939లో కారెల్ పదవీ విరమణ చేయగానే అతని విభాగం మూతపడి, పంపులు మూలకు చేరాయి.

మనిషి గురించిన గ్రంథం, సుప్రజనన వాదం

1935లోనే కారెల్ మానవుని గురించి ఒక గ్రంథాన్ని ఫ్రెంచి, ఇంగ్లీషు భాషలలో ప్రచురించాడు. మనిషి ఇంకా తనకు తానే తెలియనివాడన్న భావం వచ్చే పేరు గల ఈ పుస్తకం ఎన్నో భాషలలోకి అనువాదమై లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. ఇందులో శరీరం, మనస్సు, ఆధునిక నాగరికత గురించిన చర్చతో పాటు, బలహీనులు సంతానం కనకుండా చూడాలనీ, ఉత్తములైన వారితో కూడిన ఒక వర్గం సమాజాన్ని నడిపించాలనీ వాదించాడు. కొన్ని రకాల నేరస్థులను, నేరాలకు పాల్పడిన మతిస్థిమితం లేనివారిని విషవాయువుతో అంతమొందించే సంస్థలను కూడా సూచించాడు. 1936లో వెలువడిన జర్మను అనువాదానికి రాసిన ముందుమాటలో, మానసిక రోగులు, నేరస్థుల సంతతి పెరగకుండా ఆనాటి జర్మనీ ప్రభుత్వం తీసుకున్న చర్యలను మెచ్చుకున్నాడు. ఇటువంటి భావాలు ఆ కాలంలో అమెరికా, ఐరోపాలలోని పలువురు విద్యావంతులలో ఉండినవి. అయినా, ఒక పసికందు ప్రాణం నిలపడానికి సిరను ధమనికి కుట్టిన చేతులే ఈ పేజీలను కూడా రాశాయన్నది మరువరానిది.

విషీ ప్రభుత్వం, మరణం

యుద్ధం మొదలయ్యాక ఫ్రాన్సుకు తిరిగి వచ్చిన కారెల్, 1941 నవంబరులో మార్షల్ పెతాఁ నాయకత్వంలోని విషీ ప్రభుత్వం నెలకొల్పిన మానవ సమస్యల అధ్యయన సంస్థకు అధిపతి అయ్యాడు. జనాభా, పోషణ, బాలల ఆరోగ్యం, పనివారి స్థితిగతులు మొదలైన అంశాలపై ఈ సంస్థ పరిశోధనలు చేసింది. 1945లో స్థాపించిన ఫ్రాన్సు జాతీయ జనాభా అధ్యయన సంస్థకు దీని నుండి కొంత వారసత్వం సంక్రమించింది. 1944 ఆగస్టులో పారిస్ విముక్తి సమయంలో కారెల్‌ను పదవి నుండి తొలగించారు. శత్రువులకు సహకరించాడన్న ఆరోపణలపై విచారణ జరుగక మునుపే, 1944 నవంబరు 5న గుండె జబ్బుతో పారిస్‌లో మరణించాడు. బ్రిటనీ తీరంలో తాను 1922లో కొనుగోలు చేసిన సెయింట్ గిల్డాస్ దీవిలో అతనిని సమాధి చేశారు.

కాలేయ నిల్వలో కారెల్ ఆలోచన

కారెల్ మరణం తరువాత అవయవ నిల్వలో మొదట నెగ్గినది అతని చలి మార్గమే. 1963లో అమెరికాలోని డెన్వర్‌లో థామస్ స్టార్జల్ మానవునికి తొలిసారి కాలేయ మార్పిడి చేశాడు. 1967లో ఇది సఫలమైనది. దాత కాలేయాన్ని చల్లని ద్రావణంతో కడిగి, మంచుపెట్టెలో పెట్టి తరలించడం ఆనవాయితీ అయినది. 1980లలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఫోల్కర్ట్ బెల్జర్, జేమ్స్ సదర్డ్‌లు రూపొందించిన ద్రావణం వలన నిల్వ సమయం పెరిగింది.

అయితే చలిలో కాలేయం పని దాదాపుగా నిలిచిపోతుంది గనుక అది మంచిదో కాదో అమర్చిన తరువాత గానీ తెలియదు. కొవ్వు పట్టిన కాలేయాలు, వృద్ధుల కాలేయాలు, గుండె ఆగిన తరువాత సేకరించిన కాలేయాలు చలిని సరిగా ఓర్చుకోలేవు. చల్లబడిన అవయవంలోకి ఒక్కసారిగా రక్తం ప్రవహించినపుడు కణాలకు హాని జరుగుతుంది. ఇందువలన అమర్చదగినవై ఉండవచ్చుననుకున్న కాలేయాలను కూడా వైద్యులు భయంతో వదులుకోవలసి వచ్చేది. అదే సమయంలో కాలేయం కోసం ఎదురుచూస్తూ రోగులు మరణించేవారు.

ఈ కారణంగా పరిశోధకుల చూపు మళ్లీ వెచ్చని మార్గంపై పడినది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో శస్త్రవైద్యుడు పీటర్ ఫ్రెండ్, ఇంజనీరు కాన్‌స్టాంటిన్ కుసియోస్ కలిసి రూపొందించిన యంత్రంలో కాలేయానికి 37 డిగ్రీల సెల్సియస్ వద్ద ఎర్ర రక్తకణాలతో కూడిన ద్రవాన్ని, ప్రాణవాయువును, పోషకాలను, ఇన్సులిన్‌ను, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్‌ను అందిస్తారు. శరీరంలో వలెనే ధమని ద్వారా ఒక ధార, కాలేయ నిర్వాహక సిర ద్వారా మరొక ధార ప్రవహిస్తాయి. కార్నో ప్రాణం తీసిన సిర ఇదే. కాలేయం పెట్టెలో ఉండగానే పైత్యరసాన్ని స్రవిస్తుంది, ద్రవంలోని లాక్టేట్‌ను తొలగిస్తుంది. వీటిని గమనించి అది రోగికి పనికివస్తుందో లేదో ముందుగానే అంచనా వేయవచ్చు. ఒక వైద్యుడు, ఒక ఇంజనీరు కలిసి ఈ పనికి పూనుకోవడం కారెల్, లిండ్‌బర్గ్‌ల జంటను గుర్తుకు తెస్తుంది.

ఈ యంత్రంలో భద్రపరచిన కాలేయాన్ని 2013లో లండన్‌లోని కింగ్స్ కాలేజీ ఆసుపత్రిలో మొదటిసారిగా ఒక రోగికి అమర్చారు. 2018లో నేచర్ పత్రికలో వెలువడిన పరీక్షా ఫలితాల ప్రకారం, 220 కాలేయ మార్పిడులను పోల్చి చూడగా, చలిలో ఉంచిన కాలేయాలకన్నా వెచ్చగా ఉంచిన వాటిలో ఎంజైముల ద్వారా కొలిచిన కణహాని సగానికి తగ్గింది. సేకరించి పారవేయవలసి వచ్చిన కాలేయాల సంఖ్య కూడా సగమైనది. నిల్వ సమయం మాత్రం 54 శాతం పెరిగింది. రోగులు ఒక సంవత్సరం తరువాత బ్రతికి ఉండే అవకాశంలో రెండు వర్గాల మధ్య గణనీయమైన తేడా కనిపించలేదు. 2021లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఇటువంటి రెండు యంత్రాలకు అనుమతినిచ్చింది. అదే సంవత్సరం మే నెలలో స్విట్జర్లాండులోని జ్యూరిక్‌లో పియర్-అలాఁ క్లావియాఁ బృందం, ఇతర ఆసుపత్రులు వద్దనుకున్న ఒక కాలేయాన్ని మూడు రోజుల పాటు యంత్రంలో ఉంచి, మందులతో చికిత్స చేసి, ఒక రోగికి అమర్చింది. శరీరం వెలుపల అవయవానికి చికిత్స చేసి అమర్చడం గురించి కారెల్ 1930లలో ఊహించినదానికి ఇది చాలా దగ్గరగా ఉన్నది.

గుర్తింపు, పేరు తొలగింపు

చంద్రునిపై ప్రశాంత సాగరంగా పిలువబడే ప్రాంతంలోని ఒక బిలానికి కారెల్ పేరు పెట్టారు. ఫ్రాన్సులోని పలు పట్టణాలలో వీధులకు కూడా అతని పేరు ఉండేది. 1990లలో అతని సుప్రజనన వాదంపై చర్చ తీవ్రమైన తరువాత వీటిలో చాలావాటి పేర్లు మార్చారు. లియాన్‌లో అతని పేరు మీద ఉన్న వైద్య కళాశాలకు 1996లో స్టెతస్కోపును కనుగొన్న లెనెక్ పేరు పెట్టారు.